అడ్డకర్ర మీద ఆరు కోళ్లు

నీళ్ల తొట్టిలో పైన పేరుకున్న మంచుపలకను బాబాయి బొటనవేలితో నొక్కి విరిచాడు. ముక్కలు ఏరి గోడవారన పారేసి, తడిచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, గూటి తలుపు గడియ తీశాడు. ఆ తలుపు నడుమెత్తే ఉంటుంది. లోపలికి దూరాలంటే ఎంతటివాడైనా వంగాల్సిందే. వంగి, టార్చి వెలుతురు కోళ్ల కళ్లలో పడకుండా నేలకు కొట్టి చూశాడు. ఆరు కోళ్లూ అడ్డకర్ర మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని, నిన్న సాయంత్రం తను ఎత్తి ఏ వరసలో కూర్చోబెట్టాడో ఆ వరసలోనే ఉన్నాయి. బోడిమెడది చివర్న, గోడ పక్కన ఉంది.

ఒక్కొక్కదాని పొట్టకింద వేలు దూర్చి చూశాడు. కాలివేళ్లు వెచ్చగానే ఉన్నాయి. చలికాలంలో కోడిని చూసుకోవడమంటే దాని కాళ్లు చూసుకోవడమేనని బాబాయి నమ్మకం. అందుకే అడ్డకర్ర అన్నది పేరుకే కర్ర. నిజానికి నాలుగు వేళ్ల వెడల్పున్న చెక్క, వెడల్పు వైపు పైకి పెట్టి బిగించాడు. దాని మీద కోడి పాదం చాపుకుని కూర్చుంటే పొట్ట ఈకలు వచ్చి వేళ్లను కప్పేస్తాయి. ఈ తెలివి ఊరికే రాలేదు. కోళ్లను పెంచడం మొదలుపెట్టిన ఏడాది, పనిచేసేచోట మిగిలిన ఇనప గొట్టం తెచ్చి అడ్డంగా పెట్టాడు. రెండు కోళ్లకు వేళ్లు నల్లబడ్డాయి. అది చాలనట్టు చలి దూరకూడదని ఉన్న సందులన్నిటికీ గుడ్డలు కుక్కాడు. తెల్లారేసరికి లోపల గోడలు చెమర్చి, కోళ్లు దగ్గుతున్నాయి. ముప్పై ఏళ్లుగా బాయిలరు ముందు కూర్చున్నవాడికి ఆవిరి బయటికి పోవాలన్న సంగతి ఇంకొకరు చెప్పాలా? అక్కడ తెలిసింది ఇక్కడ తోచలేదు, అంతే. ఇప్పుడు కోళ్ల తలలకు జానెడు ఎత్తున, కప్పు కింద, రెండు వైపులా సందులు వదిలాడు. గాలి పైపైనే వెళ్లిపోతుంది, కోళ్లకు తగలదు.

ఈ ఆరూ వానలు వెనకబట్టాక వచ్చాయి. గుడ్లు తగ్గాయని ఏదో పెద్ద ఫారంలో తీసేసిన కోళ్లు. పుట్టింది మొదలు ఇనప తీగల పంజరంలోనే ఉండటంతో కాళ్ల కింద మట్టి ఎలా ఉంటుందో వాటికి తెలియదు. చీకటి పడుతుంటే మామూలు కోడి ఎత్తుగా ఏముందా అని తల పైకెత్తి వెతుక్కుంటుంది. ఇవి మాత్రం బస్సు తప్పిపోయిన ప్రయాణికుల్లా పెరటి మధ్య నిలబడిపోయాయి. బాబాయి ఒక్కొక్కదాన్నే ఎత్తి అడ్డకర్ర మీద పెట్టాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ ఎత్తాడు. ఆ మర్నాడూ అంతే. అలా మూడు నెలలు దాటాయి. ఇప్పుడవి వేళకు వాటంతటవే గూట్లోకి వచ్చి, అతని బూట్ల చుట్టూ చేరి, మెడలు చాపి నిలబడతాయి. మెడమీద ఈక మొలవని ఆ బోడిమెడదైతే పట్టుకోవడానికి వీలుగా రెక్కలు కాస్త ఎడం చేసి మరీ నిలబడుతుంది. అది చూసి బాబాయి మురిసిపోతాడు.

ఆ మురిపెం ఇవాళ్టితో సరి. రేపు ఉదయం ఎనిమిదింటికి బాబాయి ఆసుపత్రిలో చేరాలి. కడుపులో గడ్డ ఉంది, తీసెయ్యాలి. పది రోజులు అక్కడ, ఆ తర్వాత మూడు నెలలు నీళ్ల బకెట్టు కూడా ఎత్తకూడదని డాక్టరు చెప్పాడు. డాక్టరు ఇంకా చాలా చెప్పాడు గానీ బాబాయి చెవికెక్కింది ఆ మూడు నెలల మాట ఒక్కటే.

మూడు రోజుల కిందట పిన్ని, అంటే బాబాయి భార్య, అన్నం దగ్గర ఈ సంగతి ఎత్తింది. ఆవిడ మోకాళ్లు పాడై ఐదేళ్లయింది. నేల మీద పడిన గరిటెను కూడా కర్రతో దగ్గరికి లాక్కుంటుంది.

"నేను వంగలేను. కింద పడుకుంటే ఆ చెమ్మకి చస్తాయి. అవి చస్తుంటే చూడటం నా వల్ల కాదు. మీరు వెళ్లేలోపు వాటంతటవి ఎక్కడం నేర్చుకుంటే సరే. లేదంటే కోళ్ల కొట్టాయనకి కబురు పెడతాను," అంది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కొట్టాయన వాటిని పెంచుకోవడానికి పట్టుకెళ్లడని ఇద్దరికీ తెలుసు.

బాబాయికి ఇంకో జబ్బు కూడా ఉంది, అది ఏ డాక్టరూ చెప్పలేదు. ఎవరైనా ఏ పనైనా తడబడుతూ చేస్తుంటే చూడలేడు. "ఇలా తే" అని లాక్కుంటాడు. కోప్పడడు, విసుక్కోడు, చకచకా చేసేసి చేతిలో పెడతాడు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో పిన్ని సైకిలు నేర్చుకుంటానని సరదా పడింది. బాబాయి ఎనిమిది రోజులు సీటు పట్టుకుని వెనకాలే పరిగెత్తాడు. వదిలితే పడుతుందని ఒక్కసారి కూడా వదల్లేదు. తొమ్మిదో రోజున ఆవిడే "నాకు రాదులెండి" అని దిగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడ చేత ఒక బల్బు మార్పించలేదు, ఒక మేకు కొట్టించలేదు. ఇది ప్రేమేనని బాబాయి అనుకుంటాడు. కాదని పిన్ని ఎప్పుడూ అనలేదు.

ఆరు కొట్టేసరికి పనిలో ఉన్నాడు. అది ఆసుపత్రుల దుప్పట్లూ కోట్లూ ఉతికే పెద్ద లాండ్రీ. వెనక రేకుల షెడ్డులో బాయిలరు. ఇక్కడ పుట్టిన ఆవిరితోనే ముందు గదుల్లో నీళ్లు మరుగుతాయి, ఇస్త్రీలు నడుస్తాయి. తన బదులు చూసుకోవడానికి వచ్చిన కొత్తాయన అప్పటికే వచ్చి, చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, వేరే చోట ఇలాంటి పనే చేసి వచ్చాడు. పదకొండు రోజులుగా బాబాయి వెనకాలే తిరుగుతూ చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. నీటి మట్టం ఎంతుండాలి, బూడిద ఎప్పుడు లాగాలి, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఎక్కడ దాటితే ఏం చెయ్యాలి, అన్నీ రాసుకున్నాడు. చెయ్యి మాత్రం ఇంకా దేనికీ తగల్లేదు.

"ఇవాళ వాల్వు నేను తిప్పనా బాబాయ్?"

"చూస్తూ ఉండు. చూస్తుంటే అదే వస్తుంది."

పదకొండు రోజులుగా ఇదే మాట. ఎనిమిదింటికి ముల్లు పైకి పాకింది. కొత్తాయన చెయ్యి చాచాడు. అతని చెయ్యి చేరేలోపే బాబాయి చెయ్యి వాల్వు మీద ఉంది.

మధ్యాహ్నం అందరూ ఇస్త్రీ గదిలో కూర్చుని తింటారు. లాండ్రీ మొత్తానికి వెచ్చగా ఉండేది ఆ గదొక్కటే. అక్కడ ఇరవై ఏళ్లుగా పనిచేసే ఆవిడను బాబాయి చెల్లెమ్మా అంటాడు, ఆవిడ అన్నయ్యా అంటుంది. మిగతా లాండ్రీ అంతటికీ అతను బాబాయే. ఆ కోళ్లు వచ్చింది ఆవిడ తమ్ముడి లారీలోనే.

"కోళ్లు ఎక్కుతున్నాయా అన్నయ్యా?"

"ఎక్కిస్తున్నా."

"ఎక్కుతున్నాయా అంటే ఎక్కిస్తున్నానంటావేంటి?" ఆవిడ తినడం ఆపి అతని మొహంలోకి చూసింది. "ఇంకా ఎత్తుతూనే ఉన్నావా? రోజూనా?"

"వాటికి రాదు చెల్లెమ్మా. పంజరంలో పెరిగినవి."

"మొదట్లో రాదు. నాలుగు రోజులెత్తి చూపించాలి. అయిదో రోజున కర్ర కిందకి దించి, నువ్వు వాటికి కనపడకుండా పోవాలి. చీకటి పడుతుంటే కోడికి భయమేస్తుంది. ఆ భయమే దాన్ని ఎక్కిస్తుంది. నువ్వు ఆ భయాన్ని వాటి దాకా రానిస్తేగా?" అని, నవ్వాపుకోలేక పమిట నోటికడ్డం పెట్టుకుంది. "నువ్వే నిచ్చెనవనుకుంటున్నాయి అవి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు గానీ మాట గట్టిగానే తగిలింది. టీ సగం వదిలేసి షెడ్డుకు పోయాడు. తను వాటికి చేసిన మేలంతా కీడే అయ్యిందన్న సంగతి, ఆపరేషను సంగతికన్నా ఎక్కువగా బాధపెట్టింది.

రెండింటికి ముల్లు మళ్లీ పైకి పాకింది. బాబాయి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, "తిప్పు," అన్నాడు. కొత్తాయన నమ్మలేనట్టు ఒకసారి చూసి, వాల్వు పట్టుకుని ఎక్కువ తిప్పేశాడు. ఆవిరి బుస్సుమంది, ముల్లు పడిపోయింది, ఇస్త్రీలు చల్లబడుతున్నాయని ముందు గదిలోంచి కేకలు వచ్చాయి. బాబాయి జేబుల్లో పిడికిళ్లు బిగించాడు. "కొంచెం వెనక్కి," అన్నాడు. కొత్తాయన వెనక్కి తిప్పాడు, మళ్లీ ఎక్కువైంది. మూడోసారికి ముల్లు వచ్చి ఉండాల్సిన చోట నిలబడింది. కొత్తాయన నుదుటి చెమట తుడుచుకుని పుస్తకం తీశాడు, ఏమీ రాయకుండానే మూసేశాడు.

ఆరోజు బాబాయి గంట ముందే బయల్దేరాడు. ముప్పై ఏళ్లలో అలా బయల్దేరడం అదే మొదలు.

ఇంటికొస్తూనే బట్టలైనా మార్చకుండా గూట్లో దూరాడు. నడుమెత్తున ఉన్న అడ్డకర్రను విప్పి మోకాలెత్తుకు దించి బిగించాడు. ఒక పలక కోసి, కాలు జారకుండా దాని మీద జానెడుకొకటి చొప్పున సన్నబద్దలు కొట్టి, నేల మీంచి అడ్డకర్ర దాకా ఏటవాలుగా ఆనించాడు. సుత్తి ఎత్తినప్పుడల్లా కడుపులో పొడిచినట్టయింది. నొప్పి తగ్గేదాకా గోడకు ఆనుకుని, మళ్లీ కొట్టాడు. పిన్ని వంటింటి కిటికీలోంచి చూస్తూ కూర తరుగుతోంది.

ఎండ పసుపురంగుకు తిరగ్గానే బాబాయి కిటికీ కిందకి వచ్చాడు.

"నేను నీళ్ల డ్రమ్ము వెనక కూర్చుంటా. నువ్వు ఇక్కణ్నించి చూసి చెప్పు."

"ఏం చెప్పాలి?"

"ఎన్నెక్కాయో."

ఆ కిటికీ సరిగ్గా గూటికి ఎదురుగా ఉంది. సాయంత్రపు వెలుతురు తలుపులోంచి గూట్లోకి నేరుగా పడుతుంది. బాబాయి ఖాళీ బకెట్టు బోర్లించి, డ్రమ్ము వెనక ముడుచుకుని కూర్చున్నాడు. తన ఇంట్లో తన కోళ్లకు భయపడి దాక్కున్న మనిషి ఇతనొక్కడే అయ్యుంటాడు.

కోళ్లు వేళ తప్పకుండా గూట్లోకి వెళ్లాయి. బూట్లు కనపడలేదు. బయటికొచ్చాయి, పెరడంతా కలియచూశాయి. బోడిమెడది డ్రమ్ము దాకా వచ్చి, మెడ వంకర పెట్టి, ఒంటి కన్నుతో చాలాసేపు చూసింది. బాబాయి ఊపిరి బిగబట్టాడు. అది గొణుక్కుంటూ వెనక్కి పోయింది. వెలుతురు తగ్గింది. చలి నేల మీంచి బూట్లలోకి, బూట్లలోంచి మోకాళ్లలోకి ఎక్కింది.

"ఒకటి పలక మీద కాలు పెట్టింది," అంది పిన్ని కిటికీలోంచి.

"ఏది?"

"నాకన్నీ ఒకలాగే ఉంటాయి. ఆఁ, ఎక్కింది."

కాసేపటికి "రెండు" అంది. ఆ తర్వాత, "మూడోది జారింది," అంది.

బాబాయి సగం లేచాడు.

"కూర్చోండి."

"దెబ్బ తగిలిందా?"

"కూర్చోమన్నానా."

అన్నానికి తప్ప ఆవిడ అతన్ని కూర్చోమన్నది ఇదే మొదలు. బాబాయి కూర్చున్నాడు. చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. రేపు మధ్యాహ్నానికి తను ఒక బల్ల మీద పడి ఉంటాడు. చుట్టూ నలుగురు నిలబడి తన ఒంటి మీద వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు. ఎవరి చెయ్యి తడబడినా ఇలా తే అనడానికి ఉండదు. బాబాయికి భయం వేసింది. గడ్డ ఉందని చెప్పిన రోజున కూడా ఇంత భయం వెయ్యలేదు.

"మూడోది మళ్లీ ఎక్కింది. దాని వెనకాలే ఇంకోటి," అంది పిన్ని. చాలాసేపయ్యాక, "అయిదు," అంది.

"బోడిమెడది?"

"కిందే తిరుగుతోంది."

పెరట్లో గోడకూ చెట్టుకూ తేడా తెలియనంత మసకైంది. గూట్లో రెక్కల చప్పుడు ఒకసారి వినిపించి ఆగిపోయింది. బాబాయికి కాళ్లు తిమ్మిరెక్కాయి, దగ్గొచ్చింది, ఆపుకున్నాడు. కిటికీలోంచి ఉలుకూ పలుకూ లేదు. అడగాలనుకుంటూనే అడగలేక కూర్చున్నాడు.

"ఎక్కింది," అంది పిన్ని చివరికి. "ఆరూ పైనే ఉన్నాయి. ఇంక లోపలికి రండి, చలి."

బాబాయి గూటి వైపు నాలుగడుగులు వేశాడు.

"తలుపు నేనేస్తాలెండి. వేడినీళ్లు తోడి పెట్టాను, చల్లారిపోతాయి."

ఒకరు చేసిన పని మళ్లీ తను చూసుకోకపోతే బాబాయికి నిద్ర పట్టదు. ఆ సాయంత్రం మాత్రం ఎందుకో ఆవిడ మాట మీద లోపలికి వెళ్లిపోయాడు. ఒంటి మీద వేడినీళ్లు పడుతుంటే హాయిగా అనిపించింది. స్నానం చేసి వచ్చేసరికి పిన్ని ఇంకా పెరట్లోనే ఉంది. కాసేపటికి గోడ పట్టుకుంటూ నెమ్మదిగా లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, అన్నం వడ్డించింది. బాబాయి అన్నం బాగా తిన్నాడు, త్వరగా పడుకున్నాడు.

తెల్లవారుజామున అలవాటు ప్రకారం టార్చి పట్టుకుని గూటి దగ్గరికి వెళ్లాడు. ఆరూ అడ్డకర్ర మీదే ఉన్నాయి. అయిదు కోళ్లు తలుపు వైపు మొహం పెట్టి కూర్చున్నాయి. బోడిమెడది ఒక్కటే చివర్న గోడ వైపు తిరిగి ఉంది. తనంతట తను ఎక్కిన కోడి దారి కనపడేలా కూర్చుంటుంది. ఎత్తి పెడితేనే, పెట్టినట్టు కూర్చుంటుంది. బాబాయి టార్చి కిందకి దించాడు. నేలంతా పరిచిన రంపపుపొట్టులో, గడప దగ్గర్నించి అడ్డకర్ర దాకా రెండు వరసల్లో గుండ్రటి గుంటలు పడి ఉన్నాయి. వాటి పక్కన అయిదు వేళ్లతో సహా ఒక అరచెయ్యి అచ్చు. మళ్లీ గడప దాకా అవే గుంటలు.

పిన్ని మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి వచ్చింది.

బాబాయికి ఏడుపొచ్చింది. తర్వాత ఆ గుర్తులు చెరగకుండా తలుపు దగ్గరికి వేసి, సామాన్ల గదిలోకి పోయి దీపం వేసుకున్నాడు. గంటసేపు అక్కడ ఏదో చేసుకున్నాడు. పిన్ని లేచి చూసింది, అడగలేదు. ఆ మనిషి ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు.

టీ తాగుతూ, "ఆరూ పైనే ఉన్నాయి," అన్నాడు.

"చెప్పానుగా," అంది పిన్ని.

ఏడున్నరకు పిన్ని తమ్ముడు వ్యాను తీసుకొచ్చాడు. సంచి తనే పట్టుకోబోయి, బాబాయి ఆగి, బావమరిది చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం పిన్ని ఆసుపత్రి నుంచి ఒక్కతే తిరిగొచ్చింది. వస్తూనే చెప్పులతోనే పెరట్లోకి వెళ్లింది. అయిదు కోళ్లు ఎక్కి కూర్చున్నాయి, బోడిమెడది కింద నిలబడి ఉంది. గూటి గడప ముందు గోనెసంచి మడతలతో కుట్టిన మెత్త ఒకటి ఉంది. లోపల పాత దుప్పటి ముక్కలు దట్టంగా కూరి, కదలకుండా పురికొసతో అడ్డంగా నిలువుగా కుట్లు వేసి ఉంది. సరిగ్గా రెండు మోకాళ్లకు సరిపడేంత వెడల్పు. తగిలించుకోవడానికి మూల ఒక తాడు ఉచ్చు. పిన్ని దాన్ని కర్రతో ఒత్తి చూసింది. తర్వాత గూట్లోకి తోసి, దాని మీద మోకరిల్లి, బోడిమెడదాన్ని ఎత్తి పైన పెట్టింది. రెండో రోజూ అంతే. మూడో రోజు అడ్డకర్ర దాకా ఎత్తలేదు. పలక మీద సగం దూరంలో వదిలి, చేతులు వెనక్కి తీసుకుని చూసింది. మిగతా సగం అది తడబడుతూ ఎక్కింది.

ఆపరేషను బాగానే జరిగిందన్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున ఫోను వచ్చింది. బాబాయి నిద్రలోనే పోయాడు, గుండె ఆగింది.

ఆ సాయంత్రానికి ఇల్లంతా మనుషులు. లాండ్రీ వాళ్లందరూ వచ్చారు, చెల్లెమ్మ వంటింట్లో ఎవరెవరికో టీలు కలుపుతోంది, కొత్తాయన గుమ్మం పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. కోళ్ల సంగతి ఎవరికీ గుర్తులేదు. వెలుతురు తగ్గుతుండగా పిన్ని లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పెరట్లోకి నడిచింది. గూటి తలుపు తెరిచే ఉంది. నాలుగడుగుల దూరంలోనే ఆగి లోపలికి చూసింది. అడ్డకర్ర మీద ఆరూ ఉన్నాయి. చివరిది కూడా తలుపు వైపే చూస్తోంది.

"ఆరూ ఎక్కాయండీ," అంది పిన్ని, డ్రమ్ము వైపు తిరిగి.

తలుపు వేసి, గడియ పెట్టి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. గూటి పక్క మేకుకు ఆ గోనెమెత్త వేలాడుతూ ఉంది, దాని మీద పడ్డ రెండు మోకాళ్ల గుంటలు ఇంకా పూడలేదు.